క్రైస్తవ కళాశాల హాస్టల్లో చేరుతున్నారా? దరఖాస్తు నుంచి గది ఖాళీ చేసేదాకా

అడ్మిషన్ల రోజుల్లో హాస్టల్ ఆఫీసు ముందు కూర్చున్న తల్లిదండ్రులు అడిగేవి రెండే ప్రశ్నలు. "బాగా స్ట్రిక్టంట కదా?" అని పైకే అడుగుతారు. "మావాణ్ణి చర్చికి పొమ్మంటారా?" అని మాత్రం పక్కకు పిలిచి మెల్లగా అడుగుతారు. ఇలాంటి హాస్టల్లోనే ఉండి చదువుకుని, తర్వాత కొన్నాళ్ళు అసిస్టెంట్ వార్డెన్‌గా ఔటింగ్ రిజిస్టర్లు చూసినవాణ్ణి కాబట్టి రెంటికీ ముందే జవాబు చెప్పేస్తాను. స్ట్రిక్టే. అయితే ఆ కట్టుబాటులో ముప్పాతిక వంతు టైముకి రావడం, ఏదైనా ముందుగా చెప్పడం. ప్రార్థన సంగతి విడిగా వివరంగా చెబుతాను. ముందు చెప్పి చేసే అలవాటున్న పిల్లలకి ఈ హాస్టళ్ళు సుఖంగానే ఉంటాయి. చేసేసి చెబుదాంలే అనుకునేవాళ్ళకి మొదటి సెమిస్టర్లోనే ఇంటికి ఫోన్ వెళ్తుంది.

అడుగు 1: అది ఎవరి కాలేజీయో తెలుసుకోండి

మనం అన్నిటినీ "క్రిస్టియన్ కాలేజీ" అని ఒకే గాటన కట్టేస్తాం గానీ లోపల తేడాలు చాలా ఉన్నాయి. విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీ జెస్యూట్ (ఒక కేథలిక్ సన్యాసుల సంఘం) ఫాదర్లది, 1954లో క్లాసులు మొదలయ్యాయి. అదే ఊళ్ళో మారిస్ స్టెల్లా 1962లో ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ సిస్టర్లు పెట్టింది. హైదరాబాద్ బేగంపేటలో సెయింట్ ఫ్రాన్సిస్ (1959), విశాఖలో సెయింట్ జోసెఫ్స్ మహిళా కళాశాల (1958) కూడా సిస్టర్లవే. ఇవన్నీ కేథలిక్ సంస్థలు. గుంటూరు ఏసీ కాలేజీ లూథరన్ మిషన్‌ది, 1885 నాటిది, ఎన్టీఆర్ బీఏ చదివింది అక్కడే. మచిలీపట్నం నోబుల్ కాలేజీ ఇంకా పాతది. 1843లో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడి పెరిగి కాలేజీ అయింది. ఈ రెండూ ప్రొటెస్టెంట్ సంప్రదాయంలోవి.

హాస్టల్లో ఉండబోయేవాడికి ఈ చరిత్రతో పనేమిటంటే, పని ఉంది. కేథలిక్ కాలేజీల్లో వార్డెన్ మామూలుగా ఫాదరో సిస్టరో అవుతారు. వాళ్ళకి సంసారం ఉండదు, నివాసం ఆ ఆవరణలోనే, చాలాసార్లు అదే బిల్డింగులో. అంటే వార్డెన్ ఇరవై నాలుగ్గంటలూ ఉన్నట్టే. రాత్రి పదకొండింటికి కూడా వరండాలో చెప్పుల చప్పుడు వినపడుతుంది. ప్రొటెస్టెంట్ కాలేజీల్లో వార్డెన్ ఎక్కువగా అక్కడి లెక్చరరే. క్వార్టర్స్‌లో కుటుంబంతో ఉంటారు, సాయంత్రం ఒక రౌండు వేసి వెళ్తారు. మిగతాదంతా డిప్యూటీ వార్డెన్, వాచ్‌మన్, సీనియర్ల చేతిలో నడుస్తుంది.

ఇంకో తేడా. ఫాదర్లకీ సిస్టర్లకీ బదిలీలు ఉంటాయి, ఎక్కువగా వేసవిలో. మీరు సెకండియర్‌లోకి వచ్చేసరికి వార్డెన్ మారిపోవచ్చు, కొత్తాయనతో పాటు కొత్త రూల్సూ రావచ్చు. "పాత ఫాదర్ ఒప్పుకునేవారండీ" అన్న మాట ఎవరి దగ్గరా చెల్లదు, అనకండి.

పిలుపుల దగ్గర తడబడక్కర్లేదు. ఫాదర్, సిస్టర్, శిక్షణలో ఉన్న యువకులైతే బ్రదర్. సిస్టర్ల మఠానికి పెద్దావిడని చాలాచోట్ల మదర్ అంటారు. లూథరన్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పాస్టర్లని మన జిల్లాల్లో అయ్యగారు అంటారు, వాళ్ళావిణ్ణి అమ్మగారు అంటారు. మీరూ అలా అనొచ్చు, "సర్" అన్నా ఎవరూ తప్పు పట్టరు.

అడుగు 2: కాలేజీ సీటు వేరు, హాస్టల్ సీటు వేరు

డిగ్రీ సీట్లు ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ ఎక్కువగా ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లోనే భర్తీ అవుతాయి. తెలంగాణలో దాన్ని దోస్త్ అంటారు. కొన్ని మైనారిటీ, అటానమస్ కాలేజీలు సొంతంగా దరఖాస్తులు తీసుకుంటాయి. ఏ దారిలో సీటొచ్చినా, దానితో పాటు హాస్టల్లో మంచం రాదు. హాస్టల్‌కి విడిగా ఫారం, విడిగా ఫీజు, చాలాచోట్ల తల్లిదండ్రులతో కలిపి ఒక చిన్న ఇంటర్వ్యూ. కాలేజీ సీటు ఖాయమైన రోజే హాస్టల్ ఆఫీసుకి వెళ్ళండి. వారం తర్వాత వెళ్తే వెయిటింగ్ లిస్టులో పేరు రాసుకుంటారు.

పట్టుకెళ్ళాల్సినవి: ఇంటర్ మార్కుల మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, డాక్టరిచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అమ్మానాన్నల ఫొటోలు, లోకల్ గార్డియన్ ఫొటో, సంతకం. ఒరిజినల్స్ ఇచ్చేముందు మూడు సెట్లు జిరాక్స్ తీసి ఇంట్లో ఒకటి ఉంచండి. లోకల్ గార్డియన్ దగ్గర చాలామంది పొరపాటు పడతారు. ఊళ్ళో దూరపు చుట్టం ఎవరో ఉన్నారు కదా అని పేరు రాసేస్తారు. రేపు రాత్రి పది గంటలకి జ్వరమొస్తే హాస్టల్ వాళ్ళు ఫోన్ చేసేది ఆయనకే. ముందుగా అడిగి, సరే అన్నవాళ్ళ పేరే రాయండి.

మైనారిటీ కోటా గురించి ఒక హెచ్చరిక. క్రైస్తవ విద్యార్థులకి కొన్ని సీట్లుంటాయి, వాటికి బాప్తిస్మం సర్టిఫికెట్ గానీ పాస్టర్ లెటర్ గానీ అడుగుతారు. సీటు కోసమని ఎవరో ఇప్పిస్తామంటే తొందరపడకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దానికి తర్వాత వచ్చిన సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్ళకే. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీ కిందికి వస్తారు. ఒక కాగితం ఒకచోట, ఇంకో కాగితం మరోచోట పెడితే రేపు ఉద్యోగం దగ్గర చిక్కులొస్తాయి.

స్కాలర్‌షిప్ దరఖాస్తులో కూడా కళ్ళు పెట్టండి. తెలంగాణ ఈపాస్‌లో డే స్కాలరా, కాలేజీ హాస్టల్లో ఉంటున్నారా అని అడుగుతుంది. మెయింటెనెన్స్ ఫీజు దాన్నిబట్టే మారుతుంది. నెట్ సెంటర్ అబ్బాయి తొందర్లో డే స్కాలర్ అని కొట్టేస్తే, దాన్ని సరిచేయించడానికి తిరిగే తిరుగుడు అంతా ఇంతా కాదు.

అడుగు 3: ఫీజు ఎలా లెక్కేస్తారో అర్థం చేసుకోండి

హాస్టల్ ఖర్చులో నాలుగు ముక్కలుంటాయి: అడ్మిషన్ ఫీజు (తిరిగి రాదు), కాషన్ డిపాజిట్ (వెళ్ళేటప్పుడు తిరిగి వస్తుంది), గది అద్దె, మెస్ బిల్లు. మొదటి మూడూ ఫారం మీదే రాసి ఉంటాయి. గొడవలన్నీ నాలుగోదాని దగ్గరే.

మెస్ రెండు రకాలు. నెలకింత అని ఫిక్స్ చేసేది ఒకటి, డివైడింగ్ సిస్టమ్ ఇంకొకటి. డివైడింగ్ అంటే నెలలో సరుకులు, కూరగాయలు, పాలు, గ్యాసు, వంటవాళ్ళ జీతాలు అన్నీ కలిపి, ఆ నెల అందరూ తిన్న రోజుల మొత్తంతో భాగిస్తారు. ఒక లెక్క చూద్దాం. 120 మంది పిల్లలు, 30 రోజులు, అంటే 3,600 మెస్ రోజులు. అందులో సెలవులు పెట్టి ఇంటికెళ్ళినవాళ్ళవి 400 రోజులు తీసేస్తే 3,200. ఆ నెల ఖర్చు 4,00,000 రూపాయలైతే రోజుకి 125. మీరు ఎనిమిది రోజులు లేకపోతే వెయ్యి రూపాయలు తగ్గుతుంది.

తగ్గుతుంది, కానీ మీరు ముందుగా రాసిస్తేనే. దీన్ని మెస్ కట్ అంటారు. చాలాచోట్ల వరసగా ఇన్ని రోజులుంటేనే, ఇన్ని రోజుల ముందు మెస్ పుస్తకంలో రాస్తేనే అని షరతు ఉంటుంది. శుక్రవారం సాయంత్రం బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయి, వచ్చాక "నేను లేను కదా" అంటే ఎవరూ వినరు. మీకు కూడా బియ్యం పోశారు మరి.

అడుగు 4: సామాను సర్దుకోండి

తక్కువ తెచ్చుకోండి. గదిలో మీ వాటాకి వచ్చేది ఒక మంచం, ఒక టేబుల్, ఒక అర. తప్పనిసరిగా కావాల్సినవి: పరుపు (మామూలు మంచం కొలత అడిగి కొనండి, కొన్నిచోట్ల పాత మంచాలు సన్నగా ఉంటాయి), రెండు దుప్పట్లు, దోమతెర, బకెట్టు, మగ్గు, బట్టలారేసే తాడు, క్లిప్పులు, కంచం, గ్లాసు, టార్చిలైటు, ఒక మంచి తాళం. రెండో తాళంచెవి రూమ్మేట్‌కి కాకుండా వేరే గదిలోని నమ్మకస్తుడికి ఇవ్వండి. ఇద్దరూ కలిసి ఔటింగ్‌కి వెళ్ళి ఒకే చెవి పోగొట్టుకున్న జంటలు ప్రతి ఏడూ ఉంటారు.

బట్టల మీద, బకెట్టు మీద మీ రూమ్ నంబరు, ఇంటి పేరు మొదటి అక్షరం పర్మనెంట్ మార్కర్‌తో రాయండి. తాడు మీద నీలం లుంగీలు పదిహేను వేలాడుతుంటాయి, ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి.

తేకూడనివి కూడా దాదాపు అంతటా ఒకటే: ఇస్త్రీ పెట్టె, వాటర్ హీటర్ కాయిల్, ఇండక్షన్ స్టవ్, కెటిల్. పాత బిల్డింగుల వైరింగ్ వాటికి తట్టుకోదు. ఒక గదిలో కాయిల్ పెడితే వరండా మొత్తం చీకటైపోతుంది, ఎవరు పెట్టారో తెలియడానికి ఐదు నిమిషాలు చాలు.

తిండి విషయానికొస్తే ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి, చిన్న సీసాలో నెయ్యి. ఇవుంటే మెస్‌లో సాంబారు ఎంత పలచగా ఉన్నా బతికేస్తారు. అయితే చీమలు కూడా మనలాంటివే. స్టీలు పళ్ళెంలో అంగుళం నీళ్ళు పోసి మధ్యలో సీసా నిలబెట్టండి. వేసవిలో ఫ్యాను గాలికి ఆ నీళ్ళు రెండ్రోజుల్లో ఇగిరిపోతాయి, మళ్ళీ పోయడం మరిచారో మూడోరోజు పొద్దున నెయ్యి సీసా మూత చుట్టూ నల్లటి గీత కనపడుతుంది. లడ్డూలు, జంతికలు మాత్రం దాచుకోవడం దండగ. మొదటి రాత్రే డబ్బా తెరిచి వింగులో అందరికీ పెట్టేయండి. అంతకంటే సులువుగా స్నేహితులు దొరకరు.

అడుగు 5: మొదటి వారం

గది తాళం చేతికిచ్చినప్పుడు లోపలున్న ప్రతి వస్తువూ చూసుకోండి. ఫ్యాను రెగ్యులేటర్, ట్యూబ్‌లైటు, కిటికీ రెక్క, మంచం చెక్క, బీరువా గొళ్ళెం. పగిలినవి, పనిచేయనివి ఫోన్‌లో ఫొటో తీసి, కాగితం మీద రాసి ఆఫీసులో ఇవ్వండి. మూడేళ్ళ తర్వాత కాషన్ డిపాజిట్‌లో కోత పడకుండా కాపాడేది ఆ కాగితమే.

ర్యాగింగ్ గురించి సూటిగా చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. 2009 యూజీసీ నిబంధనల ప్రకారం విద్యార్థి, తల్లిదండ్రులు ఇద్దరూ అఫిడవిట్ ఇవ్వాలి. పేరు, ఊరు అడగడం, పాట పాడమనడం దగ్గర ఆగితే అది పరిచయం. బట్టలు ఉతకమనడం, రికార్డులు రాయించుకోవడం, నిద్రపోనివ్వకపోవడం, చెయ్యి వేయడం ర్యాగింగే. అదే రోజు వార్డెన్‌కి చెప్పండి. అక్కడ చెప్పడానికి జంకుగా ఉంటే జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది, ఏ వేళైనా పలుకుతారు. ఫాదర్లకీ సిస్టర్లకీ ఈ విషయంలో చాలా పట్టింపు. సంస్థ పేరు పోతుందన్న భయం వాళ్ళకి మీకంటే ఎక్కువ.

అడుగు 6: గంట ప్రకారం రోజు

వేళలు కాలేజీని బట్టి మారతాయి గానీ, ఇంచుమించుగా ఇలా ఉంటుంది. ఐదున్నర, ఆరు మధ్య గంట. కేథలిక్ హాస్టళ్ళలో ఆ సమయానికే చాపెల్‌లో (ఆవరణలోని చిన్న చర్చి) పూజ, వెళ్ళేవాళ్ళు వెళ్తారు. ఏడున్నరకి టిఫిను. సాయంత్రం ఆటలు. చీకటి పడేలోగా గేటు లోపలికి రావాలి, అమ్మాయిల హాస్టళ్ళలో ఇంకా ముందు. తర్వాత అటెండెన్స్, స్టడీ అవర్, భోజనం, మళ్ళీ స్టడీ అవర్. పదిన్నర, పదకొండుకి లైట్లు తీసేయడం.

కొత్తవాళ్ళకి కష్టమనిపించేది స్టడీ అవర్. హాల్లో వరసగా టేబుళ్ళు, మాట వినపడకూడదు, ఫోన్ ముట్టుకోకూడదు. మొదటి రెండు వారాలు బిగుసుకుపోయినట్టుంటుంది. నా సలహా ఏమిటంటే ఆ గంటన్నరకి అర్థం కావడానికి తల పట్టుకోవాల్సిన సబ్జెక్టు పెట్టుకోకండి. రికార్డులు, అసైన్‌మెంట్లు, నోట్స్ రాసుకోవడం లాంటి చేతిపని పెట్టుకోండి. కష్టమైనవి తెల్లవారుజామున, గంట కొట్టాక చూడండి. ఆ వేళకి వరండాలన్నీ నిశ్శబ్దంగా ఉంటాయి, బాత్రూముల దగ్గర క్యూ కూడా ఉండదు.

క్యూ అన్నాను కదా. ఏడు నుంచి ఏడున్నర మధ్య స్నానానికి వెళ్ళకండి. ఆరున్నరకే కానిచ్చేయండి. హాస్టల్ జీవితం మొత్తంలో ఇంతకంటే పనికొచ్చే చిట్కా నా దగ్గర లేదు.

అడుగు 7: ప్రార్థన, చాపెల్, మీ మతం

ఇక పక్కకు పిలిచి అడిగే ప్రశ్న దగ్గరికొద్దాం. రాజ్యాంగంలో 30(1) అధికరణం మైనారిటీలకి తమ విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కిచ్చింది. 28(3) అధికరణం ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న సంస్థలో చదివే ఎవరినీ, వాళ్ళ ఇష్టం లేకుండా మతబోధకో ఆరాధనకో హాజరు కమ్మని బలవంతపెట్టకూడదంది. మైనరైతే సంరక్షకుడి సమ్మతి కావాలి. ఈ రెండూ పక్కపక్కనే నడుస్తాయి. కాబట్టి పూజకి రానని చెప్పే హక్కు మీకుంది. ఆ ఆవరణలో శిలువ, మరియమ్మ గుహ, ఉదయం అసెంబ్లీ ప్రార్థన ఉండటం వాళ్ళ హక్కు.

ఆచరణలో ఎలా ఉంటుందంటే, కేథలిక్ పిల్లలకి కేటకిజం (వాళ్ళ మతబోధ), మిగతావాళ్ళకి వేల్యూ ఎడ్యుకేషన్ క్లాసు. రెండోది మతబోధ కాదు. అటెండెన్స్ ఉంటుంది, కొన్నిచోట్ల మార్కులూ ఉంటాయి, మానకండి. అసెంబ్లీలో ప్రార్థన చదువుతుంటే నిలబడి ఊరుకుంటే చాలు. కళ్ళు మూసుకోకపోయినా, శిలువ గుర్తు వేసుకోకపోయినా ఎవరూ గమనించరు.

స్నేహితుడితో చాపెల్‌కి వెళ్తే రెండు విషయాలు. మనవైపు చాలా చర్చిల్లో చెప్పులు బయట వదులుతారు, ముందువాళ్ళని చూసి చేయండి. పూజలో దివ్యసత్ప్రసాదం ఇచ్చేటప్పుడు అందరూ వరసలో వెళ్తారు. మీరు కేథలిక్ కాకపోతే కూర్చున్నచోటే ఉండండి. ప్రసాదం కదా అని చెయ్యి చాపడం మన అలవాటు, కానీ అది వాళ్ళకి చాలా పవిత్రమైన సంస్కారం, అందరికీ పంచేది కాదు. ప్రొటెస్టెంట్ ప్రభురాత్రి భోజన సంస్కారం కూడా అంతే.

మీ పూజలు మీరు చేసుకోవచ్చు. బీరువా తలుపు లోపల చిన్న పటం పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. అగరబత్తీ, కర్పూరం మాత్రం గదిలో వెలిగించొద్దు. అది మత విషయం కాదు, దోమతెరలున్న గదిలో మంట విషయం.

అయ్యప్ప మాల వేసుకునేవాళ్ళు మాల వేసుకోకముందు వార్డెన్ దగ్గరికెళ్ళండి. నలభై ఒక్క రోజులు నేల మీద పడక, తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, విడిగా వండిన భిక్ష, నల్ల బట్టలు. వీటిలో కాలేజీ యూనిఫాం ఒక్కటే నిజంగా అడ్డం. ముందే అడిగితే ఏదో ఒక దారి చూపిస్తారు: దీక్షాకాలం డే స్కాలర్‌గా ఉండటమో, ఊళ్ళో సన్నిధానంలో భిక్షకి పర్మిషనో. మాల వేసుకుని పొద్దున్నే ఎదురుగా నిలబడితే ఆయన్ని ఇరుకున పెట్టినట్టవుతుంది. రంజాన్ మాసం కూడా ఇలాగే. సహ్రీకి తెల్లవారుజామున అన్నం కావాలని నెల మొదలవక ముందే మెస్ వాళ్ళకి పేర్లిస్తే రాత్రి వండింది డబ్బాలో పెట్టి ఉంచుతారు. నేను చూసినంతలో ఇద్దరు ముగ్గురు పిల్లలున్నా వంటమాస్టర్లు కాదనలేదు.

క్యాలెండర్లో వాళ్ళ పండుగలు గుర్తుపెట్టుకోండి. జెస్యూట్ కాలేజీల్లో జూలై 31 వాళ్ళ సంఘ స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా పండుగ. ఈస్టర్ ముందు నలభై రోజుల తపస్సు కాలంలో శుక్రవారాలు మాంసం ఉండకపోవచ్చు. డిసెంబరు వచ్చిందంటే పశువుల పాక కట్టడం, స్టార్లు వేలాడదీయడం, రాత్రి క్యారల్స్. అందులో సగం మంది హిందూ పిల్లలే తబలా, గిటారు పట్టుకుని ముందుంటారు. కేకు ఉంటుంది మరి.

అడుగు 8: ఔటింగ్, ఇంటికి వెళ్ళడం

ఔటింగ్ రిజిస్టర్లో కాలమ్స్: పేరు, గది, వెళ్ళే చోటు, కారణం, వెళ్ళిన టైము, వచ్చిన టైము, సంతకం. కారణం దగ్గర నూటికి తొంభై మంది "పర్సనల్ వర్క్" అని రాస్తారు. వార్డెన్‌కి చిరాకు తెప్పించే మాట అదే. "బెంజ్ సర్కిల్, కళ్ళజోడు రిపేరు, 6 లోపు వస్తాను" అని రాయండి. స్థలం, పని, టైము, మూడూ ఉంటే సంతకం పడటానికి అర నిమిషం పట్టదు. ఆలస్యమయ్యేలా ఉంటే గేటు మూశాక వచ్చి బతిమాలడం కన్నా, మూయకముందు ఫోన్ చేయడం వెయ్యి రెట్లు నయం. బస్సు ఆగిపోయిందంటే నమ్ముతారు. గేటు దగ్గరకొచ్చి చెబితే నమ్మరు, కథ ఒకటే అయినా.

రాత్రి బయట ఉండాలంటే ఇంటి నుంచి అమ్మో నాన్నో రిజిస్టర్‌లో ఉన్న నంబరుతోనే ఫోన్ చేయాలి. "అన్నయ్య" పేరుతో స్నేహితుడి చేత మాట్లాడించే ఉపాయం చాలా పాతది, ఆ గొంతులు వార్డెన్లకి కంఠతా వచ్చు.

సెలవుల పట్టిక జూన్‌లోనే చూసుకోండి. మిషనరీ సంస్థల్లో క్రిస్మస్‌కి ఎక్కువ రోజులిచ్చి దసరాకో సంక్రాంతికో తగ్గించడం ఉంటుంది. మీ ఊళ్ళో అందరికీ సంక్రాంతి సెలవులిచ్చినా మీకింకా క్లాసులుండొచ్చు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి, జనవరి 12న వెళ్ళాలంటే నవంబరు రెండో వారంలోనే కూర్చోవాలి. విజయవాడలో ఉండేవాళ్ళకి ఇంకో మాట: ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత ఉత్సవాలు. ఆ మూడ్రోజులు ఏలూరు రోడ్డు వైపు ఆటో దొరకడం కష్టం. స్టేషన్‌కి వెళ్ళాలంటే రెండు గంటలు ముందు బయల్దేరండి.

అడుగు 9: మెస్, రూమ్మేట్, ఒంట్లో బాగాలేనప్పుడు

కూర బాగాలేదని ప్లేటు పక్కకి తోసేసి గొణిగితే ఏమీ మారదు. మెస్ కమిటీలో చేరండి. నెలకొకసారి ఉదయాన్నే మార్కెట్‌కి వెళ్ళి సరుకులు తేవడం, స్టోరు లెక్క రాయడం ఆ కమిటీ పనే. టమాటా ధర చూశాక సాంబారు మీద గౌరవం పెరుగుతుంది. శాకాహారులు ఆ సంగతి ఫారంలోనే రాయండి. ఆదివారం చికెన్ రోజున గుడ్డు కూడా తినరంటే మిగిలేది పెరుగన్నమే అన్న పరిస్థితి రాకుండా పన్నీరో బంగాళదుంప వేపుడో చేయించొచ్చు.

రూమ్మేట్‌తో పేచీలు ముఖ్యంగా మూడింటి మీద: లైటు, ఫ్యాను, ఫోన్ మాటలు. మొదటి రోజే మాట్లాడుకోండి. పడకపోతే నెల ఆగి గది మార్పు అడగండి. సెమిస్టర్ మధ్యలో అడిగితే ఇవ్వరు, మొదట్లో ఇస్తారు.

జ్వరమొస్తే గదిలో దుప్పటి కప్పుకుని దాక్కోవద్దు. అటెండెన్స్‌లో లేకపోతే ఎగ్గొట్టారనుకుంటారు, పైగా విజయవాడ, గుంటూరు దోమలకి డెంగీ మామూలే. వార్డెన్‌కి చెబితే ఇన్‌ఫర్మరీకి (జబ్బుపడ్డవాళ్ళ గదికి) పంపి గంజి, పాలు గదికే తెప్పిస్తారు. సిస్టర్లు నడిపే చోట్ల నర్సింగ్ చదివిన సిస్టరొకరు ఉండటం చాలాసార్లు చూశాను.

మనసు బాగాలేకపోయినా అంతే. మొదటి నెల ఇంటి మీద బెంగ అందరికీ ఉంటుంది, రాత్రి తలుపేసుకుని ఏడ్చినవాళ్ళే తర్వాత స్పోర్ట్స్ సెక్రటరీలవుతారు. అది నెలలు దాటి నిద్ర, తిండి పోతుంటే మాత్రం కాలేజీ కౌన్సెలర్‌ని కలవండి, లేదా టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

తాంబరం వెళ్ళేవాళ్ళకి

నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు నుంచి చెన్నై శివారు తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చేరేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ చదివిన కాలేజీ అది, అప్పట్లో జార్జ్‌టౌన్‌లో ఉండేది. 1937లో తాంబరం అడవిలోకి మారింది. అక్కడ హాస్టల్ అనరు, హాల్ అంటారు. అబ్బాయిలకి సేలయూర్ హాల్, సెయింట్ థామస్ హాల్, బిషప్ హీబర్ హాల్. అమ్మాయిలకి మార్టిన్, మార్గరెట్, బార్న్స్ హాళ్ళు. ఏ హాల్లో పడితే మూడేళ్ళూ అదే మీ జట్టు. ఆటలు, పాటలు, పోటీలు అన్నీ హాళ్ళ మధ్యే. హాల్ పాటలు, హాల్ డే సంప్రదాయాలు మొదటి నెలలోనే నేర్చేసుకోండి.

చెన్నై సెంట్రల్‌లో దిగితే ఎదురుగా రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌లో తాంబరం లోకల్ ఎక్కండి, చివరి దాకా ఆటో మాట్లాడుకుని డబ్బు పోసుకోవద్దు. విమానంలో వస్తే ఎయిర్‌పోర్టు ఎదురుగా తిరుశూలం స్టేషన్ అదే లైను మీద ఉంది. కాలేజీ తాంబరం తూర్పు వైపు, వేలచ్చేరి రోడ్డు మీద. ఆవరణ వందల ఎకరాల పొదలడవి. రాత్రి హాల్ నుంచి హాల్‌కి టార్చి లేకుండా నడవకండి, పాములుంటాయి. అరవం రాకపోయినా మెస్‌లో "ఇన్నుం కొంజం" అంటే ఇంకొంచెం వడ్డిస్తారు, మిగతాది మెల్లగా వస్తుంది.

అడుగు 10: ఖాళీ చేసేటప్పుడు

ఆఖరి పరీక్ష రాసి అదే సాయంత్రం రైలెక్కేయాలని అందరికీ ఉంటుంది. రెండ్రోజులు చేతిలో ఉంచుకోండి. నో డ్యూస్ ఫారం మీద లైబ్రరీ, ల్యాబ్, మెస్, హాస్టల్, స్పోర్ట్స్ సంతకాలు కావాలి. వీటిలో ఒకరు కచ్చితంగా సెలవులో ఉంటారు. నో డ్యూస్ లేకుండా టీసీ ఇవ్వరు, టీసీ లేకుండా పీజీ అడ్మిషన్ దగ్గర ఆగిపోతారు.

గది అప్పగించేటప్పుడు మొదటి వారం రాసిచ్చిన కాగితం, ఫొటోలు బయటికి తీయండి. కాషన్ డిపాజిట్ రసీదు పోగొట్టుకోకుండా ఉంటే పని సగం తేలిక. డబ్బు ఇప్పుడు ఎక్కువగా బ్యాంకు ఖాతాకే వేస్తారు. నాన్నగారి పేరు మీద కట్టిన డిపాజిట్ ఆయన ఖాతాకే రావొచ్చు కాబట్టి పాస్‌బుక్ జిరాక్స్ ఎవరిది ఇవ్వాలో ముందే అడగండి. ఆఖరి నెల మెస్ బిల్లు లెక్క తేలాకే డిపాజిట్ కదులుతుంది, కొన్ని వారాలు పట్టొచ్చు. ఆఫీసు క్లర్క్ ఫోన్ నంబరు రాసుకుని వెళ్ళండి. బకెట్టు, పరుపు, తాడు మోసుకెళ్ళక్కర్లేదు, జూన్‌లో వచ్చే జూనియర్ కోసం వాచ్‌మన్ దగ్గర పేరు రాసి పెట్టి వెళ్ళొచ్చు.